కాఫీశాలలు : కార్యస్థానములు

ఇటీవలఁ బెద్దపట్టణములందు నొక యాచారము ప్రబలినది. ఉద్యోగులు, గ్రంథరచయితలు, విద్యార్థులు కార్యాలయమును గాని యింటిని గాని విడిచి, ల్యాప్‌టాపు యంత్రమును సంచిలోఁ బెట్టుకొని, కాఫీశాలకుఁ బోయి, యచ్చట గంటలకొలఁది కూర్చుండి తమ పని చేసికొనుచున్నారు. 2020వ సంవత్సరపుఁ గోవిడు మహమ్మారి తరువాత నీ యాచారము మఱింత వ్యాపించినది. పనికిఁ దగిన కాఫీశాల యేది, యచ్చట విద్యుత్తు దొరకునా, వైఫై నిలుకడగా నుండునా, యెంతసేపు కూర్చున్నను యజమానుఁడు మొగము చిట్లింపకుండునా యను ప్రశ్నలు యువజనులలోఁ దఱచు వినవచ్చుచున్నవి. పెద్దలు కొందఱు దీనిని వింతగాఁ జూచి, పానీయము త్రాగుచోటఁ బని యేమని యాక్షేపించుచున్నారు. చరిత్ర మీ యాక్షేపణమును సమర్థింపదు. కాఫీశాల పుట్టిన కొలఁదికాలమునకే పనిచోటు కూడ నయ్యెను.

ఈ వ్యాసమున నేను నిరూపింపఁదలఁచిన దొక్కటియే. కాఫీశాలలో నమ్ముడుపోవునది ప్రధానముగా కాఫీ కాదు, ఆసనము. గిన్నెడు కాఫీకిచ్చు వెల యాసనమునకుఁ జెల్లించు నద్దె. ఈ యద్దె నిబంధనము స్పష్టముగా నున్నచోట శాల నిలుచును. అస్పష్టముగా నున్నచోట నతిథికిని యజమానునకును వివాదము పుట్టును. పనివారే కూడి శాలను దమ సొత్తుగాఁ జేసికొన్నచోటఁ బని వృద్ధిపొందును గాని శాల శాలగా మిగులదు. ఈ మూఁడు గతులకును జరిత్రమున దృష్టాంతములు కలవు.

మొదట నాసనపుటద్దె యను మాట నొకింత వివరింపవలసియున్నది. మనదేశమునఁ బూర్వము పూటకూళ్ల యిండ్లు కలవు. ఓరుగంటి పూటకూటింటి ప్రసంగము క్రీడాభిరామమునఁ గలదని పండితు లెఱుఁగుదురు. పూటకూళ్లనఁగా నొకపూట తిను కూడు. అచ్చటఁ గ్రయవిక్రయములకు విషయ మన్నమే. బాటసారి రూక యిచ్చి, తిని, చేయి కడిగికొని లేచిపోవును. విస్తరి యెత్తిన పిమ్మట నచ్చటఁ గూర్చుండుటకు వానికిఁ బనియు లేదు. కాఫీశాల యట్టిది కాదు. కాఫీ కడుపు నింపదు. నిద్రను దొలఁగించును, మాటను బొడిగించును. త్రాగుటకు నాలుగు నిమిషములు చాలును. కూర్చుండుట నాలుగు గంటలు. కావునఁ బూటకూటింట లేని చిక్కు కాఫీశాలలోఁ బుట్టినది. త్రాగినదానికి వెల యిచ్చితిమి. కూర్చున్నదానికి వెల యెంత?

కాఫీపానము 15వ శతాబ్దమున యెమెను దేశపు సూఫీలలో రాత్రి జాగరణమునకై వాడుకకు వచ్చినది. ఇస్తాంబూలు నగరమున 1554-55 ప్రాంతమున అలెప్పోవాఁడగు హకము, డమాస్కసువాఁడగు షమ్సు అను నిద్దఱు మొదటి కాఫీశాలలను బెట్టిరని తురుష్క చరిత్రకారుఁడగు పెచెవీ వ్రాసినాఁడు. అచ్చటఁ గొందఱు పుస్తకములు చదువుచుండిరనియుఁ, గొందఱు చదరంగము మొదలగు నాటల నాడుచుండిరనియుఁ, గొందఱు క్రొత్తకవితలఁ దెచ్చి వినిపించి విద్యావిషయములఁ జర్చించుచుండిరనియు నతని కథనము. చదువరియు నాటకాఁడును కవియు నొకే కప్పుక్రిందఁ గూర్చుండుట యానాఁడే కనఁబడుచున్నది. ఐనను కాఫీశాల జీవనోపాధికిఁ గార్యస్థానమగుట మిక్కిలి విశదముగాఁ దెలియవచ్చునది లండను నగర చరిత్రమువలన. కాఁబట్టి దానినే విస్తరించి చెప్పెదను.

లండనులో 1652వ సంవత్సరమునఁ గార్న్‌హిల్లు వీథి చెంతనున్న సెయింట్ మైకేలు సందులో పాస్క్వా రోజే యను నతఁడు మొదటి కాఫీదుకాణమును దెఱచెను. కొలఁది సంవత్సరములలో నట్టి శాలలు నగరమంతట వ్యాపించినవి. సామాన్యముగా నొక గిన్నె వెల యొక పెన్నీ. ఆ పెన్నీకి వచ్చినవాఁడు పొందినది కాఫీ మాత్రమే కాదు. చలికాలమున నగ్గిగూడు వెచ్చదనము, సాయంకాలమునఁ గ్రొవ్వొత్తి వెలుఁగు, బల్లమీఁదఁ బఱచిన వార్తాపత్రములు, ప్రక్కనున్నవాని సంభాషణము, ఇన్నియు నా పెన్నీలోనివే. ఈ హేతువుచేతనే యా శాలలకుఁ బెన్నీ విశ్వవిద్యాలయము లను పేరు కలిగెను. 1674లో నచ్చుపడిన కాఫీశాలానియమముల పత్రమొకటి కలదు. గొప్పవాఁడు వచ్చినను దక్కువవాఁడు లేచి తన చోటు విడువనక్కఱలేదని యందుఁ జెప్పఁబడినది. ఈ నియమము మనకు ముఖ్యము. పెన్నీ యిచ్చినవాని కాసనముపై హక్కు గలదని యది యొప్పుకొనుచున్నది. ఐతే యీ సమానత్వమునకు మితి గలదు. శాలలను నడపిన స్త్రీలు పెక్కండ్రుండిరి గాని, కూర్చుండి మాటలాడినవారు ప్రాయికముగాఁ బురుషులే.

కాఫీశాలలు సోమరిపోతుల నెలవులని యాక్షేపించుటయు నేఁటి మాట కాదు. రెండవ చార్లెసు రాజు 1675 డిసెంబరు 29వ తేదీని కాఫీశాలల నన్నింటిని మూయవలసినదని శాసించెను. అందుఁ జెప్పిన కారణములు రెండు: వర్తకులు తమ పనులు మాని యచ్చటఁ గాలము వ్యర్థపుచ్చుచున్నారనుట యొకటి, ప్రభుత్వమునకు విరుద్ధమైన వదంతులు పుట్టుచున్నవనుట రెండవది. ఈ శాసనముపై గొప్ప యలజడి పుట్టెను. 1676 జనవరి 8వ తేదీని, అనఁగాఁ బదిదినములకే, రాజు దానిని మరలించుకొనవలసివచ్చెను. కాలము వ్యర్థపుచ్చు చోటే యైనచో నంత త్వరగా నంత ప్రతిఘటనము రానేరదు. వర్తకులకుఁ బని యచ్చటనే జరుగుచుండెను గనుక, శాల మూసినఁ బనియే మూఁతపడును. రాజు దృష్టికిఁ దోఁపని దిది.

ఆ పని యెట్టిదో యిఁకఁ జూతము. అప్పటి లండనులో ననేకులకుఁ బ్రత్యేక కార్యాలయములు లేవు. వారు తమ యుత్తరములు ఫలాని కాఫీశాలకు వ్రాయవలసినదని బంధుమిత్రులకుఁ దెలుపుచుండిరి. ఓడలమీఁదఁ బంపవలసిన యుత్తరములకై కాఫీశాలలలో సంచులు వ్రేలాడుచుండెను. కార్న్‌హిల్లు ప్రాంతమందలి యెరూషలేము కాఫీశాల తూర్పుదేశముల వర్తకమునఁ బ్రవర్తిల్లువారికిఁ గూడలి. 1611లోనే మన మచిలీపట్టణమునఁ గొఠీ పెట్టిన ఈస్టిండియా కంపెనీ యోడల నాయకులును, ఆ వ్యాపారమునఁ బాలుగల వర్తకులును నచ్చటఁ గలిసికొనుచుండిరి. మనతీరమునకుఁ బయనమగు నోడల ముచ్చటలు లండనులో వినఁదలఁచినవానికి నది తగినచోటు. నేఁడు వైఫై యేమి చేయుచున్నదో నాఁడా యుత్తరపు సంచి యది చేసినది. దూరస్థులతోడి సంబంధము, అందుకొనుటకు స్థిరమైన చిరునామా, ఈ రెండును లేక బల్లయు గుర్చీయు మాత్రముండిన నది కార్యస్థానము కానేరదు.

విద్యావంతుఁడు కాఫీశాల నాశ్రయించి బ్రదికినందుకు మేలైన దృష్టాంతము గణితశాస్త్రజ్ఞుఁడగు ఏబ్రహాం ద మావ్రు. ఇతఁడు 1667లో ఫ్రాన్సుదేశమున జన్మించెను, ప్రొటెస్టెంటు మతస్థుఁడు. ఆ మతమువారికి రక్షణ మొసఁగిన నాంటు శాసనము 1685లో రద్దగుటచేత స్వదేశమును విడిచి లండను చేరెను. 1697లో రాయల్ సొసైటీ యతనిని సభ్యునిగాఁ జేర్చుకొన్నది. అయినను బరదేశి యగుటచే విశ్వవిద్యాలయమున నాచార్యపదవి యెన్నఁడును లభింపలేదు. ఇండ్లకుఁ బోయి పాఠములు చెప్పియు, సెయింట్ మార్టిన్సు లేనులోని స్లాటరు కాఫీశాలలోఁ గూర్చుండి జూదరులకును, జీవితాంతపు భృతులఁ గొనువారికిని లెక్కలు కట్టి యిచ్చియు నతఁడు జీవనము గడపెను. సంభావ్యతా గణితమునకు మూలస్తంభములలో నొకటి యగు డాక్ట్రిన్ ఆఫ్ ఛాన్సెస్ అను నతని గ్రంథము 1718లో వెలువడెను. అతఁడు 1754లోఁ బరమపదించెను.

ఈ మహనీయుని వృత్తాంతమున గమనింపవలసిన దేమనఁగా, అతనికి విశ్వవిద్యాలయము తలుపు మూసినది, కాఫీశాల తెఱచినది. పాచికల లెక్క వేయింపవలసినవాఁ డతని నెక్కడ వెదకవలయునో యెఱుఁగును. అతని పాండిత్యమునకుఁ గావలసిన సాధనములు కాగితము, కలము, ఒక బల్లచివర. అవి పెన్నీవెలకు దొరకినవి. ఒక నగరమునఁ బేదవిద్వాంసుఁడు తక్కువ వెలకుఁ గూర్చుండఁగల బహిరంగస్థానము లేకుండినఁ దత్ఫలముగా నేమేమి పుట్టక పోవునో మన మూహింపఁగలము.

ఇఁక యజమానుఁడే యతిథుల పనికి సహాయుఁడైన దృష్టాంతము లాయిడు కాఫీశాల. ఎడ్వర్డు లాయిడు అను నతఁడు 1688 నాఁటికే థేమ్సునదీ సమీపమున టవరు వీథిలో శాల నడపుచుండెను. నావికులు, ఓడల యజమానులు, సరకులకు భీమా యిచ్చువారు నచ్చటికి వచ్చుచుండిరి. 1691లో నతఁడు లంబార్డు వీథికి శాలను మార్చెను. తన యతిథులకుఁ గావలసినది వేడి కాఫీకంటె నోడల వార్త యని యతఁడు కనిపెట్టెను. రేవులనుండి వార్తలు తెప్పించి చదివించెను. ఓడల వేలములకుఁ జోటిచ్చెను. 1696లో లాయిడ్స్ న్యూస్ అను పత్రికను గూడఁ గొంతకాలము నడపెను. ఇతఁడు 1713లో మరణించినను శాల యతని పేరనే నిలిచినది. లాయిడ్స్ లిస్టు అను నోడవార్తల పత్రిక 1734లో నీ శాలనుండియే పుట్టినది. ఇచ్చట నాసనపుటద్దె చిక్కు మిక్కిలి నేర్పుతోఁ బరిష్కృతమైనది. ఎక్కువసేపు కూర్చుండువాఁడు యజమానునకు బరువు కాలేదు. వాఁడే శాలకు విలువ. వాని రాకవలన వార్త పెరుగును, వార్తవలన మఱి పదుగురు వత్తురు.

తరువాతి కథ వేఱు. 18వ శతాబ్దపు నడుమ లాయిడు శాలలో జూదపు భీమాలు ప్రబలెను. అందుచే రోసిన వృత్తిస్థులు 1769లో పోప్స్ హెడ్డు సందులోఁ గ్రొత్త లాయిడు శాలను బెట్టించిరి. అదియుఁ జాలకపోఁగా 1771లో 79 మంది తలకొక 100 పౌనులు వేసికొని సంఘముగా నేర్పడిరి. 1774లో నా సంఘము రాయల్ ఎక్స్చేంజి భవనమునకు మాఱినది. నేఁడు లాయిడ్సు జగత్ప్రసిద్ధమైన భీమావిపణి. దానిలో నుడుపు ధరించి పనిచేయు పరిచారకులను నేఁటికిని వెయిటర్లనియే పిలుచుచున్నారు. కాఫీ పోయినది, కాఫీ తెచ్చువాని పేరు మిగిలినది.

ఎక్స్చేంజి సందులోని జోనథాను కాఫీశాల వృత్తాంతము మఱింత బోధకము. వాటాల దలారులు 1698లో రాయల్ ఎక్స్చేంజి విడిచి యీ శాల నాశ్రయించిరి. ఆ యేఁటనే జాన్ కాస్టింగు అను నతఁడు ధరల పట్టికను బ్రకటింప నారంభించెను. ఆఱు దశాబ్దములు గడచిన పిమ్మట, 1761లో, సుమారు 150 మంది దలారులు సంఘముగాఁ గూడి, శాలను దమకే ప్రత్యేకముగా నుండునట్లు యజమానునితో నొడంబడిక చేసికొనిరి. బయటకుఁ ద్రోయఁబడిన దలారి యొకఁడు న్యాయస్థానమున కెక్కెను. జోనథాను శాల బహుకాలమునుండి యందఱకును దెఱచియున్న విపణి యని నిర్ణయింపఁబడి, వానికే జయము కలిగెను. కాఫీశాల గుర్చీ సర్వజనసామాన్యమని యొక న్యాయస్థానము పలికిన సందర్భ మిది. అయితే జయము చిరకాలము నిలువలేదు. దలారులు 1773లోఁ దమ సొంత భవనమును గట్టుకొని, దినమునకాఱు పెన్నీల ప్రవేశరుసుము పెట్టిరి. మొదటఁ గ్రొత్త జోనథానని పిలువఁబడిన యా భవనమునకే స్టాక్ ఎక్స్చేంజి యను పేరు స్థిరపడినది. 1801లో నది చందాదారులకు మాత్రమే ప్రవేశముగల సంస్థగా మాఱినది. ఒక పెన్నీ యాఱు పెన్నీలైనది, ఆఱు పెన్నీలు సభ్యత్వమైనది, సభ్యత్వము తలుపైనది.

దీనివలన లండనుకు నష్టము కలిగినదని నేననుట లేదు. ప్రపంచ వాణిజ్యమున కవి గొప్ప సంస్థలైనవి. కాని శాలకుఁ గార్యస్థానత్వ మెక్కువైనకొలఁది సర్వజనత్వము తగ్గినదను సత్యమును మఱవరాదు. శాలకు శత్రువు లిరువురు. ఏమియుఁ గొనక దినమెల్లఁ గూర్చుండువాఁ డొకఁడు. అంతయుఁ దానే కొని పరులను గూర్చుండనీయనివాఁడు రెండవవాఁడు. మొదటివానివలన యజమానుఁడు చెడును, రెండవవానివలన ద మావ్రు వంటివాఁడు చెడును.

ఈ యిరువురి నడుమ మధ్యమార్గము నవలంబించినది వియన్నా నగరము. అచ్చట 1685లో జొహానెస్ డియొడాటో యను ఆర్మీనియనునకు మొదటి కాఫీ యనుమతిపత్రము లభించినది. 19వ శతాబ్దమునకు వియన్నా శాలలకుఁ దమవియైన మర్యాద లేర్పడినవి. కాఫీతోఁగూడ నొక గ్లాసెడు మంచినీళ్లు వచ్చును. వార్తాపత్రికలు చట్రములకుఁ దగిలింపఁబడి చదువరులకొఱకు సిద్ధముగా నుండును. ఒక గిన్నెతో నెంతసేపు కూర్చున్నను లేపుట మర్యాద కాదు. 1876లోఁ దెఱవఁబడిన కఫే సెంట్రలు నాశ్రయించిన రచయిత పీటరు ఆల్టెన్‌బెర్గు తన తపాలా చిరునామాగా నా శాలనే యిచ్చుచుండెను. ఇచ్చట సంఘముల చందా లేదు, న్యాయస్థానము లేదు. ఆసనపుటద్దె యాచారముచే నిర్ణీతమైనది. దీర్ఘకాలము కూర్చుండుట తప్పు కాదని యజమానుఁ డెఱుఁగును. మరల మరల వచ్చుట తన విధి యని యతిథి యెఱుఁగును. వియన్నా కాఫీశాలా సంస్కృతిని 2011లో నాస్ట్రియా దేశము తన సాంస్కృతిక వారసత్వపుఁ బట్టికలోఁ జేర్చినది. ఆచారమే యైనను దానికి హామీ లేదు. సాహిత్యవేత్తల నెలవైన గ్రీన్‌స్టైడ్లు శాల 1847లోఁ బుట్టి 1897లోఁ గట్టడము పడఁగొట్టఁబడుటచే మూఁతపడెను. అచ్చటి రచయితలు కఫే సెంట్రలు మొదలగు నితరశాలలకుఁ దరలిపోవలసివచ్చెను.

యజమానుఁడును బరిచారకులును బనికి సహాయపడిన వేఱొక దృష్టాంతము ల్వూవు నగరమునఁ గలదు. ఈ నగర మప్పుడు పోలెండులోనిది, నేఁడు ల్వివ్ అను పేర యుక్రెయినులో నున్నది. 1930 ప్రాంతమున బానాఖు, మజూరు, ఉలాము మొదలగు గణితవేత్తలు విశ్వవిద్యాలయ సమీపమందలి స్కాటిషు కాఫీశాలలోఁ గూడుచుండిరి. ఒకసారి భోజనవిరామములు దక్క నెడతెగక పదునేడు గంటలు చర్చ సాగినదని ఉలాము వ్రాసినాఁడు. ఆ శాల బల్లలకుఁ బాలఱాతి పలకలుండెను. గణితవేత్తలు వానిమీఁదనే పెన్సిలుతో లెక్కలు వ్రాయుచుండిరి. శాల కట్టివేయునప్పుడు బల్లను దుడిచినచో నంతయుఁ బోవును. ఒక సిద్ధాంతము పుట్టినచోటనే తడిగుడ్డచే నశించుట చూచి, బానాఖు భార్య 1935లో నొక గట్టి నోటుపుస్తకమును గొని తెచ్చెను. అది కాఫీశాలలోనే భద్రపఱుపఁబడి, యడిగినప్పుడు పరిచారకునిచేఁ దేఁబడుచుండెను. అందు 193 ప్రశ్నలు చేరినవి. కొన్నింటికి బహుమానములు కూడ నుండెను. 1936లో మజూరు వ్రాసిన 153వ ప్రశ్నకు బహుమాన మొక సజీవమైన బాతు. స్వీడనుదేశీయుఁడగు పేర్ ఎన్ఫ్లో 1972లో దానిని సాధించి బాతును బుచ్చుకొనెను. యుద్ధమువలన 1941తో నా పుస్తకమున వ్రాఁత నిలిచిపోయినది. ఆ యేఁటనే నగర మాక్రమించిన జర్మనుల చేత నచ్చటి యాచార్యులు పలువురు హతులైరి. పుస్తకము మాత్రము మిగిలి, గణితశాస్త్రమున స్కాటిషు పుస్తకమను పేరఁ బ్రసిద్ధమైనది.

ఇట్లు పాశ్చాత్యదేశములఁ గనఁబడిన క్రమమే మనదేశమునను గొంత వఱకుఁ గనఁబడును. కాఫీ వాడుకను వ్యాపింపఁజేయుటకై కాఫీ సెస్సు కమిటీ 1936లో బొంబాయిలో ఇండియా కాఫీ హౌసును దెఱచినది. కలకత్తా కళాశాల వీథిలోని ఆల్బర్టు హాలు కాఫీశాల 1942 మొదలుగా విద్యార్థులకును రచయితలకును నెలవైనది. 1950 తరువాతి సంవత్సరములలోఁ గాఫీ బోర్డు తన శాలలను మూసివేయఁబూనఁగా, పనివారు సహకార సంఘములుగా నేర్పడి 1957 మొదలు వానిని దామే నడపుకొనిరి. ఈ మార్పు మన చర్చకు ముఖ్యము. లండనులో శాలను గొన్నవారు కూర్చుండువారు. ఇచ్చట శాలను దీసికొన్నవారు వడ్డించువారు. కావున నిచ్చటఁ దలుపు మూఁతపడలేదు. తెలుఁగుదేశమునఁ గాఫీశాలయుఁ బలహారశాలయు నొక్కటే యై హోటలను పేరఁ జెల్లుటచేత దీర్ఘాసనమున కంత యవకాశము లేకపోయినది. ఐనను హైదరాబాదు ఇరానీ హోటళ్లలో నొక గిన్నె తేనీటితో జాముసేపు కూర్చుండు నలవాటు చిరపరిచితమే.

ల్యాప్‌టాపునకు ముందుగాఁ గంప్యూటరే కాఫీశాలకు వచ్చినది. 1994లో లండనులో సైబీరియా యను నింటర్నెట్టు కాఫీశాలయు, 1996లో బెంగుళూరు బ్రిగేడు రోడ్డున కఫే కాఫీ డే మొదటి శాలయుఁ దెఱవఁబడెను. అప్పుడు యంత్రము శాలది. కాలమునకు వెల వేఱుగాఁ గట్టఁబడెను. నిబంధనము స్పష్టము. యంత్రము చిన్నదై యతిథి సంచిలోఁ జేరినపిమ్మట మొదటి చిక్కు మరల వచ్చినది. స్టార్‌బక్సు సంస్థ 2001లో వైఫైని వెలకు నమ్మనారంభించి, 2010 జూలై 1వ తేదీనుండి యమెరికాలోని తన శాలలలో నుచితముగా నిచ్చినది. కాలమునకు వెల లేకపోయినది. మరల గిన్నె వెలయే యాసనపుటద్దె యైనది. ఐతే యెంతసేపటికో యెవరికిని దెలియదు.

ఆ యస్పష్టతకు ఫలము నేఁడు చూచుచున్నాము. దక్షిణ కొరియాలో నతిథులు పెద్ద కంప్యూటరులను, అచ్చుయంత్రములను, బల్లల నడుమ నడ్డుతెరలను గూడఁ దెచ్చి పెట్టుకొనుచుండఁగా, స్టార్‌బక్సు సంస్థ 2025 ఆగస్టులో నచ్చటి శాలలలో వానిని నిషేధించినది. దీనికి వ్యతిరేకమైన ప్రయోగము మాస్కోలో 2011లోఁ బుట్టిన జిఫెర్‌బ్లాటు శాల. అచ్చటఁ గాఫీకి వెల లేదు. కూర్చున్న నిమిషములకే వెల. శతాబ్దములుగా గిన్నె చాటున దాఁగియున్న యద్దె యిచ్చట బయటఁబడినది. ఈ రెండును లోకమునకుఁ గ్రొత్తవిగాఁ దోఁచినను, మొదటిది రాజశాసనమునకుఁ జిన్నతమ్ముఁడు, రెండవది జోనథాను శాల యాఱు పెన్నీలకు మనుమఁడు.

పై చరిత్రమునుండి పనికిఁ దగిన కాఫీశాల లక్షణములను సంగ్రహింపవచ్చును. మొదటిది, ఆసన నిబంధనము తెలిసియుండవలెను. ఎంతసేపు కూర్చుండవచ్చునో, యే వేళలలోఁ బని చేయరాదో గోడమీఁద వ్రాసిన శాల, వ్రాయక మనస్సులో గొణుగుకొను శాలకంటె మేలు. రెండవది, దూరసంబంధము: నాఁడు తపాలా సంచి, నేఁడు వైఫై. మూఁడవది, వెలుఁగును శక్తియు: నాఁడు క్రొవ్వొత్తి, నేఁడు గోడకున్న ప్లగ్గు. నాల్గవది, మితమైన సందడి. 70 డెసిబెలుల మధ్యమధ్వనియందు నూతన కల్పనము నపేక్షించు పనులు నిశ్శబ్దమునందుకంటె బాగుగా సాగుననియు, 85 డెసిబెలులయందుఁ జెడుననియు 2012లోఁ బ్రకటితమైన యొక పరిశోధనము తెలుపుచున్నది. కావున మూఁగశాలను వెదకనక్కఱలేదు, అంగడివీథిని మెచ్చనక్కఱలేదు. అయిదవది, సభ్యసహవాసము. లాయిడు శాలకు నోడలవారివలె, ల్వూవు శాలకు గణితవేత్తలవలె, తనపని నెఱిఁగిన మఱియొకఁడు ప్రక్కబల్ల యొద్ద నుండుట ప్లగ్గుకంటెను వైఫైకంటెను విలువగలది. యంత్రసౌకర్యములు శాలకు శాలకు సమానముగా నుండవచ్చును గాని, యిది సమానముగా నుండదు.

అతిథికిని ధర్మము కలదు. రద్దీవేళ నలువురి బల్ల నొక్కఁడే యాక్రమింపరాదు. గంట గడచినపిమ్మట మఱియొక గిన్నెనో ఫలహారమునో తెప్పించుట న్యాయము, ఏలనఁగా మొదటి పెన్నీ కాలము తీఱినది. బిగ్గఱగా ఫోనులో మాటలాడుట పరుల యాసనమునుగూడఁ దాను హరించుటయే. పరిచారకుని గౌరవించి, పేరెఱిఁగి పలుకరించుట వియన్నావారి మర్యాద మాత్రమే కాదు, నోటుపుస్తకము దాఁచి పెట్టిన ల్వూవు పరిచారకునియెడ విద్యాలోకము తీర్పవలసిన ఋణము.

ఈ విషయ మల్పమని పండితులు త్రోసివేయరాదు. గ్రంథాలయము రాత్రికి మూఁతపడును; విశ్వవిద్యాలయమునఁ బ్రవేశము కొందఱికే; అద్దె కార్యాలయములు ధనవంతులకు. ఇల్లిఱుకైన బీదవిద్యార్థికి, పదవి లేని పండితునకు, స్వల్పద్రవ్యముతోఁ దలయెత్తుకొని కూర్చుండఁదగిన బల్ల యొకటి నగరమున నుండవలెను. తలుపు తెఱచియుంచి యద్దె స్పష్టపఱచిన శాల దొరకినచో, నందుఁ గాఫీ యొకింత పలుచనైనను, పనిగలవాఁడు దానినే యాశ్రయించుట మేలు.